మూడుకాళ్ల పొయ్యి

తాను వేసిన పొయ్యికి ఆఖరి అలుకు పెట్టిపోదామని మూడోనాటి పొద్దున సాయవ్వ పేడనీళ్ల ముంత పట్టుకొని వచ్చేసరికి, దామోదర్ సేటు ఇంటి వాకిట్లో పొయ్యి లేదు. అది ఉన్నచోట మట్టిపెళ్లలు కుప్పగా పడివున్నాయి. గడ్డపార పోటు నేలలోకి లోతుగా దిగింది. గిన్నె ఆనే పొయ్యిగడ్డ ఒకటి, సగం ఆరినది, ఆమె వేళ్ల గుర్తులతో సహా, గోడవారకు దొర్లిపోయింది.

మిద్దెమెట్ల మీద ప్రమీలాదేవి కూర్చుని ఉంది. ఒళ్లో బియ్యం గిన్నె. ఎప్పుడు కడిగిందో, నీళ్లు తేరుకొని అడుగున గింజలు కనిపిస్తున్నాయి.

"ఎవలు పలగ్గొట్టిన్రమ్మా?" అంది సాయవ్వ.

ప్రమీలాదేవి ముందు వసారా వైపు చూసింది. అక్కడ సేటు భార్య అంజమ్మ కందిపప్పు చెరుగుతోంది. చేట ఆపకుండానే మాట్లాడింది.

"మేమే తీపిచ్చినం. కిరాయికిచ్చింది మిద్దె మీది రెండర్రలు. వాకిలి ఇయ్యలే. ఇయ్యాల పొయ్యి ఏస్తరు, రేపు జాగ మాదే అంటరు. ఖాళీ చెయ్యుమంటే చెయ్యరు. మూడు రాళ్లు పెట్టుకొని వండుకుంటే ఎవలన్న వద్దన్నరా?"

"మీద వండుకుంటనంటే గచ్చు నల్లబడ్తదంటిరి. కింద ఏపిస్తే పలగ్గొట్టిస్తిరి. నేనెక్కడ వండాలె అంజమ్మగారూ?"

"గా మాట కిరాయి మాట్లాడుకున్ననాడు మీ ఆయనకు యాదికి రావాలె."

ప్రమీలాదేవి మెట్లు దిగి మూడు రాళ్లు పేర్చి, పుల్లలు అంటించి బియ్యం గిన్నె ఎక్కించింది. ఆమె భర్త మధుసూదన్ రావు తహసీల్ కచేరిలో అహల్కారు, రాతకోతల గుమాస్తా. హనుమకొండ నుంచి సిద్దిపేటకు వచ్చి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఆ ఇంట్లో ఆమెతో నోరారా మాట్లాడిన మనిషి, పొయ్యి వేయడానికి వచ్చిన ఈ కుమ్మరామె ఒక్కతే.

సాయవ్వ ముంతలోని పేడనీళ్లు కానుగచెట్టు మొదట్లో పారబోసి వెళ్లబోయింది. ప్రమీలాదేవి మెట్లెక్కి వెళ్లి సోలెడు బియ్యం తెచ్చింది.

"లేని పొయ్యికి కూలేందమ్మా?"

"నువ్వు ఏసినవు గద. లేకుండ చేసింది నువ్వు కాదు. కొంగు పట్టు."

బియ్యం కొంగులో పడుతుండగానే చినుకులు మొదలయ్యాయి. మృగశిర వానలు. ప్రమీలాదేవి పరుగున వెళ్లి వాకిట్లో మూడు రాళ్ల మధ్య మండుతున్న పుల్లల మీదికి వంగింది. వీపు తడుస్తోంది గాని మంట తడవకుండా కాచుకుంటోంది. సాయవ్వ ఒక్క క్షణం చూసి, గోడకు బోర్లించిన పాత చేట తీసుకొని పొయ్యికి అడ్డంగా పట్టుకుంది. అన్నం ఉడికేదాకా ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు. ఒకరు వంగి ఊదుతూ, ఒకరు చేట పట్టి. వసారాలో అంజమ్మ చెరిగిన పప్పు డబ్బాలో పోసుకొని లోపలికి పోయింది.

కుమ్మరివాడకు పోయే తోవంతా సాయవ్వకు ఆ గడ్డపార పోటే కళ్లల్లో మెదిలింది. పొయ్యి అంటే నేలలో పాతేది. పాతుకుపోతుందనే వాళ్ల భయం. మరి పాతకపోతే?

ఇంటి ముందు మరిది కాశయ్య సారె తిప్పుతున్నాడు. సారె ముట్టుకునేది మగవాళ్లే. సాయవ్వ మొగుడు పోయినప్పటి నుంచి ఆమెకు మిగిలింది మట్టి తేవడం, తొక్కడం, కాలిన కుండలు అంగడికి మోయడం. రెండు పూటలా ఆ ఇంట్లో జొన్నగటక పెడతారు. కూలి అనే మాట ఎవరూ ఎత్తరు, ఆమె కూడా ఎత్తలేదు.

"ఎంతసేపాయె వదినె? మట్టి ఎవలు తొక్కాలె?" అన్నాడు కాశయ్య తలెత్తకుండా.

ఆమె కాళ్లు కడుక్కొని మట్టిలోకి దిగింది. మడమతో నొక్కి, పాదం తిప్పి, గడ్డలూ రాళ్లూ కాలికి తగిలినచోట వంగి ఏరేస్తూ పొద్దెక్కేదాకా తొక్కింది. కాశయ్యకు సరిపోయేంత పక్కకు తీశాక తట్టెడు మట్టి మిగిలింది. దాన్ని తన గుడిసె వెనక్కి మోసుకుపోయింది.

మొదటి పొయ్యిని నేలలో పాతే పొయ్యిలాగే చేసింది. బెత్తెడు మందం, పైన మూడు గడ్డలు, ముందు పుల్లలు పెట్టే నోరు. తేడా ఒక్కటే, దీనికి అడుగు ఉంది, రెండు పక్కలా చెవులున్నాయి. నాలుగు రోజులు గుడిసెలో ఆరబెట్టింది. కాశయ్య కుండలు కాల్చే ఆము పేర్చే రోజున, తోడికోడలు దుర్గవ్వను బతిమిలాడి ఓ మూలన పెట్టించింది.

"ఆయనకు తెలిస్తే నన్ను తిడ్తడక్కా," అంటూనే దుర్గవ్వ దాని మీద గడ్డి కప్పింది.

ఆము అంటుకున్న కాసేపటికి లోపల బాంబు పేలినట్టు చప్పుడైంది. మర్నాడు పొద్దున బూడిద తీస్తే సాయవ్వ పొయ్యి నాలుగు ముక్కలై ఉంది. దాని పక్కనున్న రెండు కాగులు కూడా పగిలాయి. కాశయ్య ఆ కాగుముక్కలు తెచ్చి ఆమె కాళ్ల ముందు వేశాడు.

"గీ పిచ్చి ఏంది వదినె? అన్న పోయి ఏడాది తిరగలే, అప్పుడే నీకు యాపారం గావలసొచ్చిందా? మల్ల నా ఆము దిక్కు వస్తే మంచిగుండది చెప్తున్న."

దుర్గవ్వ తలుపు చాటునే నిలబడింది. ఆ పూట సాయవ్వకు గటక ఆమె తేలేదు, ఇంకెవరూ తేలేదు. సాయవ్వ పగిలిన పొయ్యి ముక్క ఒకటి చేతిలోకి తీసుకొని విరిచి చూసింది. పైన ఎర్రగా ఉంది. లోపల నల్లగా, ఇంకా పచ్చిగా ఉంది. మందం ఎక్కువైంది. లోపలి తడి బయటికి రాలేకపోయింది. ముక్కను పొద్దుగూకేదాకా దగ్గరే పెట్టుకొని, మాటిమాటికీ బొటనవేలితో ఆ నల్లటి చారను రుద్దింది.

రెండో పొయ్యికి మట్టిలో ఊక కలిపింది, గాడిద లద్దె ఎండబెట్టి నలిపి కలిపింది. గోడ మందం సగానికి తగ్గించింది. ఆము లేదు కాబట్టి గుడిసె వెనక మోకాలిలోతు గుంట తవ్వి, పిడకలు పేర్చి, మధ్యలో పొయ్యిని పెట్టి, పైన మళ్లీ పిడకలు, వరిగడ్డి, మట్టిపూత వేసి తెల్లవారుజామున అంటించింది. పగలంతా ఆ గుంట పక్కనే కూర్చుంది. పొగ ఒకవైపు నుంచే వస్తుంటే ఆ వైపు మట్టి పూసి, ఇంకోవైపు పుల్లతో బెజ్జం పొడిచింది. వాడలోవాళ్లు అటుగా పోతూ చూసి పోయారు. ఏం చేస్తున్నావని ఒక్కరూ అడగలేదు. కాశయ్యకు కోపం తెప్పించడం ఎవరికీ ఇష్టం లేదు.

పొయ్యి పగలలేదు. వేలితో కొడితే కుండలా మోగింది.

చుట్టబట్ట పెట్టుకొని నెత్తిన ఎత్తుకొని పోయి మిద్దెమెట్లెక్కింది. సేటూ అంజమ్మా ఏదో పెండ్లికి పోయారు. ప్రమీలాదేవి చెయ్యి నోటికడ్డం పెట్టుకొని చూసింది.

"లేవనెత్తే పొయ్యా?"

"ఎత్తి చూడున్రి. మీతోని అయితదా లేదా?"

ప్రమీలాదేవి చెవులు పట్టుకొని ఎత్తింది. నాలుగడుగులు నడిచి దించింది. మళ్లీ ఎత్తి అర్రలో ఈ మూల నుంచి ఆ మూలకు, అక్కణ్నుంచి కిటికీ కిందికి మార్చింది. ఆడుకుంటున్నట్టుంది. తర్వాత పుల్లలు పెట్టి పప్పు ఎసరు పెట్టింది. పప్పు పొంగేదాకా బాగానే ఉంది. పక్కకు జరిపి చూస్తే గచ్చు మీద అరచేతి వెడల్పున నల్లమచ్చ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రమీలాదేవి బూడిద తెచ్చింది, సాయవ్వ కొబ్బరిపీచు అందుకుంది. మోకాళ్ల మీద వంగి ఇద్దరూ రుద్దుతుంటే, ఉన్నట్టుండి ప్రమీలాదేవికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి సాయవ్వకూ వచ్చింది. తన నవ్వు చప్పుడు తనకే కొత్తగా వినబడి ఆగిపోయింది.

"పీటకు కాళ్లుంటయి గదా, గట్ల దీనికి కాళ్లు పెడ్తే?" అంది ప్రమీలాదేవి చెమట తుడుచుకుంటూ. "కింద గాలి ఆడ్తది. గచ్చు కాలది."

సాయవ్వ ఇంటికి పోలేదు. నేరుగా ఎర్రచెరువుకు పోయి మట్టి తవ్వింది.

మూడో పొయ్యికి మూడు కాళ్లు. నాలుగు పెడితే ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది. కాళ్ల పొడవు నాలుగు వేళ్లు. బూడిద రాలేందుకు అడుగున చిల్లులు, కింద ఒక మట్టి పళ్లెం. ఎనిమిదో రోజుకు దాన్ని తీసుకుపోయి ఇస్తే ప్రమీలాదేవి రెండు పూటలు వండి, పొయ్యి జరిపి, వంగి చెయ్యి నేలకు ఆనించి చూసింది.

"గోరువెచ్చగ కూడ లేదు." చేతులు కడుక్కొని వచ్చి నిలబడింది. "ఎంత ఇయ్యాలె సాయవ్వా?"

"మీ ఇష్టమమ్మా."

"నా ఇష్టం ఎట్లయితది? మట్టి తవ్వింది నువ్వు, తొక్కింది నువ్వు. మూడుసార్లు చేసింది నువ్వు. నాకేం ఎరుక? నువ్వు చెప్పు."

సాయవ్వ ముప్పై ఏళ్లుగా ఇళ్లల్లో పొయ్యిలు వేస్తోంది. ఇచ్చింది కొంగులో పట్టుకోవడమే తప్ప, ఇంత అని తన నోటితో ఎన్నడూ అనలేదు. కొంగు చివర వేలికి చుట్టుకొని, విప్పి, మళ్లీ చుట్టుకుంది.

"నాలుగణాలు," అంది చివరికి, ఎవరో దూరంగా ఉన్నవాళ్లకు చెబుతున్నట్టు గట్టిగా.

ప్రమీలాదేవి బేరమాడలేదు.

ఆ సాయంత్రం సాయవ్వ ఊళ్లో తిరిగింది. పని ఏమీ లేదు. ఏ ఇంట్లో పొగ ఎక్కడి నుంచి లేస్తోందో చూస్తూ నడిచింది. వంటింటి పెంకుల్లోంచి లేచే పొగను వదిలేసింది. ఠాణా వెనక అర్రల ముందు జవాన్ల పెండ్లాలు రాళ్ల పొయ్యిలు ఊదుతున్నారు. బడిపంతులు ఉండే కిరాయి ఇంట్లో పొగ మెట్ల కింది నుంచి వస్తోంది. బస్సులు ఆగే చోట రాత్రికి ఆగిపోయినవాళ్లు, సరుకుబండ్లవాళ్లు, రోడ్డుపక్క ఇటుకముక్కల మీద రొట్టెలు కాలుస్తున్నారు. ఇంతమందికి నిప్పు పెట్టుకునే జాగ లేదని ఆమెకు ఇన్నేళ్లూ తోచలేదు. ఎవరైనా పిలిస్తే పోయి పొయ్యి వేసేది. పిలవనివాళ్ల గురించి ఆలోచించడం ఇదే మొదలు. తిరిగి తిరిగి కాళ్లు నొప్పి పుట్టాక, చెప్పుకోవడానికి మనిషి లేక, గుడిసెకు వచ్చి ఏడు పిడకలు వరసగా పేర్చింది. ఠాణా దగ్గర రెండు, బడిపంతులుకు ఒకటి, బస్సుల కాడ నాలుగు. అన్ని పొయ్యిలు చేయాలి.

అంగడినాటికి ఏడూ కాలాయి. ఒకదాని చెవి విరిగింది. దాన్ని తనకు ఉంచుకొని మిగతా ఆరూ రెండు దఫాలుగా మోసుకుపోయింది. కుండల వరసలో కాశయ్య తట్టలు పరిచి కూర్చున్నాడు. వదినె రావడం చూసి తట్టల్ని రెండువైపులా జరిపి జాగ లేకుండా చేశాడు. సాయవ్వ ఆగలేదు. అంగడి దాటి బస్సులు ఆగే చోటికి పోయింది. దేశాల నడుమ లడాయి వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచి బస్సులకు వెనక బొగ్గుడబ్బాలు పెట్టారు. ఆ డబ్బా రాజుకొని బండి కదిలేసరికి చాలాసేపు పడుతుంది. ఎక్కేవాళ్లు అంతసేపూ ఊరికే నిలబడి ఉంటారు.

ఆమె ఐదు పొయ్యిలు పక్కన పెట్టి, ఆరోది అంటించి నీళ్లు కాచింది. అరవలేదు, పిలవలేదు. నీళ్లు మరిగాక మంట ఆర్పకుండానే చెవులకు గుడ్డ చుట్టి పొయ్యిని ఎత్తి ఓ బారెడు దూరం జరిపి పెట్టింది. చూస్తున్నవాళ్లలో నుంచి జవాను పెండ్లాం ఒకతి ముందుకు వచ్చింది.

"మల్లొకసారి ఎత్తు."

సాయవ్వ ఎత్తింది.

"అడుగు కాలదా?"

"చెయ్యి పెట్టి సూడు బిడ్డా."

ఆమె చెయ్యి పెట్టి చూసి, వెనక నిలబడ్డ ఇంకొకామెను పిలిచింది. ఎంత అంటే సాయవ్వ నాలుగణాలంది. ఈసారి గొంతు పెద్దది చేయాల్సిన పని పడలేదు. మధ్యాహ్నానికి నాలుగు పోయాయి. ఐదోదాన్ని బండివాడొకడు కొనుక్కొని ఎద్దుల గడ్డిమోపు మీద కట్టుకున్నాడు.

పొద్దువాలుతుండగా కాశయ్య వచ్చాడు. కాసేపు మిగిలిన పొయ్యి చుట్టూ తిరిగాడు. వంగి కాళ్లు పట్టుకొని ఊపి చూశాడు.

"అతుకు మంచిగనే ఏసినవు," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "గుంటల కాలుస్తే ఎన్నని కాలుస్తవు వదినె? మన ఆముల పెట్టు. నేను అమ్ముకొస్త. ఇంటి సొమ్ము ఇంట్ల ఉంటది."

సాయవ్వ పొయ్యిలోని బూడిద పళ్లెంలోకి దులిపింది.

"ఆముల పెడ్త కాశయ్య. కిరాయి ఎంతనో చెప్పు. అమ్ముకునుడు నేనే అమ్ముకుంట. ఇగ మట్టి తొక్కుడుకు కూలి మాట్లాడుకుందాం."

"ఇంట్లోళ్లకు కిరాయేంది?" అన్నాడు గాని, ఆ మాటలో బలం లేదు. కండువా దులుపుకొని పోయాడు. సాయవ్వ పళ్లెంలోని బూడిద పారబోసి చుట్టబట్ట సర్దుకుంది.

ఇదంతా చెప్పాలి. ఐదు పోయాయని, జవాను పెండ్లాం ఎత్తమన్నదని, కాశయ్యను కిరాయి అడిగానని. చెప్పడానికి ఉన్నది ఒక్క మనిషి. మిగిలిన పొయ్యి నెత్తిన పెట్టుకొని గబగబా సేటు ఇంటికి నడిచింది. మిద్దెమెట్లెక్కి గడపలో ఆగిపోయింది. అర్రలో ట్రంకుపెట్టె తాళం వేసి ఉంది. పరుపు చుట్టి తాడుతో బిగించి ఉంది.

"తబాదలా హుకుం వచ్చింది," అంది ప్రమీలాదేవి. "ఆయనను జోగిపేటకు మార్చిన్రు. పొద్దున్నే బస్సు. నీకు కబురంపుదామంటే ఎవలతోని పంపాలె?"

సాయవ్వ నెత్తి మీది పొయ్యిని దించకుండానే, అర్రలో ఇంకా వెచ్చగా ఉన్న పొయ్యి వైపు చూసింది.

"పొయ్యి చల్లారినంకనే కట్టున్రి. చెవుల మీద బరువు పెట్టకున్రి," అంది.

పొద్దున బస్సు మీదికి సామాన్లు ఎక్కించేవాడు పొయ్యిని చూసి తల అడ్డంగా ఊపాడు. మట్టిసామాను పగిలితే తనను అనొద్దన్నాడు. మధుసూదన్ రావు భార్యను పక్కకు పిలిచి, "అక్కడ ఇంకోటి కొందాం, ఉండనీ," అన్నాడు. ప్రమీలాదేవి వినలేదు. పొయ్యిని పాతచీరలో చుట్టి ఒళ్లో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చుని, సాగనంపడానికి వచ్చి కింద నిలబడ్డ సాయవ్వ వైపు వంగింది.

"నిన్న అంగడి ఎట్లయింది సాయవ్వా? అడుగుడే మర్చిపోయిన."

బస్సు వెనక డబ్బాలో బొగ్గు అంటుకొని బండి అదిరింది. కండక్టర్ తలుపు వేశాడు.

"మంచిగనే అయిందమ్మా!" అని అరిచింది సాయవ్వ. ప్రమీలాదేవి వినబడలేదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. బస్సు కదిలింది. నల్లటి పొగ రోడ్డు మీద చాలాసేపు నిలిచి, తర్వాత పొలాల మీదికి పోయింది. సాగనంపడానికి వచ్చినవాళ్లు ఎవరిళ్లకు వాళ్లు మరలిపోయారు. సాయవ్వ ఒక్కతే ఇంకొంచెంసేపు నిలబడింది.

తిరిగి వస్తుంటే దామోదర్ సేటు ఇంటి ముందు అంజమ్మ ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది.

"ఓ సాయవ్వా, నీ కోసమే చూస్తున్న. అటువంటి పొయ్యి ఒకటి తెచ్చి మీది అర్రల పెట్టు. కొత్త కిరాయిదార్లు వస్తున్నరు. పొయ్యితోటి అర్రలు అంటే ఇంకో రూపాయి ఎక్కువ పల్కుతయి. పైసలు ఇప్పుడే ఇస్త." ఆమె రొండిన ఉన్న సంచి ముడి విప్పుతోంది.

సాయవ్వ మిద్దె వైపు చూసింది. కిటికీ రెక్కలు తీసే ఉన్నాయి. గచ్చు కడిగిన నీళ్లు మెట్ల మీదుగా కారుతున్నాయి. బేరం వెతుక్కుంటూ వచ్చింది. పైసలు ముందే ఇస్తానంటోంది. నిన్న అమ్మగా మిగిలిన పొయ్యి ఒకటి గుడిసెలో ఉంది. ఇంతకుముందైతే ఆలోచించే పనే ఉండేది కాదు.

"మీకు అమ్మనమ్మా," అంది.

"ఏం? నా పైసలు చెల్లయా?"

"చెల్లుతయి. కొత్త కిరాయిదారామె వచ్చినంక నాకు కబురు పెట్టున్రి. వచ్చి ఆమెకే అమ్ముత. పోయేనాడు ఆమె తీసుకపోతది."

అంజమ్మ సంచి ముడి మళ్లీ బిగించుకుంది. సాయవ్వ కోపంగా అనలేదు, ధర చెప్పినట్టే చెప్పింది.

ఇంటికి పోయి తట్టా పారా తీసుకుంది. మబ్బు పడుతోంది. వాన రాకముందే రెండు తట్టల మట్టన్నా తేవాలి. కాశయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. దుర్గవ్వ చూపు దించుకుంది. సాయవ్వ వాళ్లను దాటి చెరువు దారి పట్టింది. దారిలో, పక్కన ఎవరో నడుస్తున్నట్టే, నిన్నటి అంగడి సంగతి మొదటి నుంచీ చెప్పుకుంటూ పోయింది. జవాను పెండ్లాం మల్లొకసారి ఎత్తు అన్నది, నేనెత్తిన, అని పైకే అంది. గట్టెక్కాక ఆగి, చీర పైకి చెక్కుకొని, మంచి మట్టి దొరికే చోటు వెతుక్కుంటూ లోపలికి దిగింది.